లాడర్ దాకా

"సంచులు రెండూ నీ సైకిలుకే తగిలించు. నాది తేలిగ్గా ఉంటే ముందెళ్లి దారి చూస్తా" అన్నాడు స్టువర్ట్.

ఒటురెహువా ఊరి నుంచి లాడర్ ఊరి దాకా పాత రైలు కట్ట అది. పట్టాలు పీకేసి సైకిళ్ల కోసం కంకర పరిచారు. తప్పిపోదామన్నా ఇంకో దారి లేదు. అయినా అతని భార్య నోలీన్ సంచులు అందుకుంది. మాంసం ముక్కలు పెట్టిన రొట్టెలు, టీ ఫ్లాస్కు, అతని బీపీ మాత్రలు, అతని వాన కోటు సర్ది తన సైకిలుకే తగిలించుకుంది.

అతను ముందు వెళ్తాడు. ఏ పాత రైల్వే షెడ్డు నీడలోనో కాళ్లు చాపుకుని కూర్చుంటాడు. ఆమె రొప్పుతూ చేరేసరికి అతని అలసట తీరి ఉంటుంది. "వచ్చావా? పద మరి" అని లేచి ఎక్కేస్తాడు. మూడోసారి అలా జరిగినప్పుడు నోలీన్‌కి తట్టింది, అతను మూడుసార్లు కూర్చున్నాడు, తను ఒక్కసారీ కూర్చోలేదు. ఈ ఒక్కరోజేనా ఇలా? ముప్పై నాలుగేళ్లు స్టువర్ట్ గొర్రెల ఉన్ని కత్తిరించే ముఠా నడిపాడు. పద్నాలుగు మందికి రోజుకి అయిదుసార్లు వండింది ఆమె. వాళ్లు నడుము వాల్చే ప్రతి విరామానికీ ఆమె కేకులు, టీ క్యాన్లు మోసుకుని ఉన్ని కత్తిరించే షెడ్డుకి పరిగెత్తేది. ఊళ్లో అందరూ దాన్ని స్టువర్ట్ ముఠా అనేవారు. ఆమె కూడా అలాగే అనేది.

దారిలో టీ కొట్టు దగ్గర డునెడిన్ పట్నం నుంచి వచ్చిన ఓ జంట కలిసింది. స్టువర్ట్ తన ముఠా కబుర్లన్నీ చెప్పాడు. ఆ ఇల్లాలు నోలీన్ వైపు తిరిగి, "మరి మీరేం చేసేవారండీ?" అని అడిగింది.

"తనా? ఇంటిపట్టునే ఉండేది" అన్నాడు స్టువర్ట్, నవ్వుతూ.

ఆ ఇల్లాలు నోలీన్ ముంజేతుల మీద పొయ్యి కాల్చిన మచ్చల్ని చూసి, తల దించుకుని టీ తాగింది.

లోయలో సొరంగం వచ్చేసరికి ఉన్న ఒక్క టార్చిలైటూ స్టువర్ట్ దగ్గరుంది. అతను ఎప్పుడో దాటేశాడు. నోలీన్ సైకిలు దిగి, తడి రాతిగోడ తడుముకుంటూ నడిచింది. "స్టూ!" అని పిలిస్తే ఆమె గొంతే ఆమెకి తిరిగొచ్చింది. భయం వేయలేదు. ఈ చీకటి కొత్తగా లేకపోవడమే ఆమెకి వింతగా తోచింది. పక్కన మనిషి పడుకుని ఉండగానే ఇన్నేళ్లూ ఇలాగే తడుముకుంది కదా.

బయటికి వచ్చాక బండరాయి మీద కూర్చుంది. కింద నది. రొట్టె విప్పి, మొదటిసారి ఎవరికీ వడ్డించకుండా తింది.

అరగంటకి స్టువర్ట్ వెనక్కి వచ్చాడు. "ఏమైందే? అక్కడ నీకోసం చూసి చూసి చస్తున్నా!"

"ఏం కాలేదు. కూర్చున్నాను."

"వానొచ్చేలా ఉంది. లే, లే."

"నీ కోటు, మాత్రలు ఈ సంచిలో ఉన్నాయి. తీసుకెళ్లు. నేను తర్వాత వస్తా."

"ఎంతసేపట్లో?"

"తెలీదు స్టూ."

 అతను కోపపడదామంటే ఆమె కోపంగా లేదు. సంచి తీసుకుని వెళ్లిపోయాడు.

ఆమె లాడర్ చేరేసరికి సాయంత్రమైంది. హోటలు ముందు, ముందురోజే తెచ్చి ఉంచిన తమ పికప్ ట్రక్కులో కూర్చుని స్టువర్ట్ హారన్ కొట్టాడు, "ఎక్కు, ఇంటికెళ్లి వంట చూడాలిగా!"

"నువ్వెళ్లు" అంది, కిటికీ దగ్గర ఆగి. "నేనిక్కడ ఉంటాను."

"ఎన్నాళ్లు?"

ఆమె లోపలికి నడిచి గది అడిగింది. కౌంటరు దగ్గరి ఆవిడ తాళం చేతికిచ్చి, "ఒక్కరేనా అమ్మా? పొద్దున టిఫిన్ ఎన్నింటికి పెట్టమంటారు?" అని అడిగింది.

ఆ ప్రశ్న ఇదివరకు తననెవరైనా అడిగారా అని నోలీన్ జ్ఞాపకాల్లో వెతుక్కుంది. బయట హారన్ ఇంకోసారి మోగి ఆగిపోయింది.

"నేను లేచాక" అంది.