జున్నుకు ఐసు ప్యాకింగ్

మా ఇంటికి గోల్డెన్ రిట్రీవర్ రావడానికి కారకురాలిని నేనే. అసలు కుక్కెందుకని అత్తయ్యగారు, నాటుకుక్క చాలదా అని మావయ్యగారు. పిల్లలతో ఎలా ఉంటుంది, ఎంత బొచ్చు రాలుస్తుంది, ఏం తింటుంది అని నెలల తరబడి చదివి మరీ వాదించాను. కోడిగుడ్డు నోట కరుచుకున్నా పగలనివ్వని జాతి ఇది అన్నాను. ఎండ సంగతీ చదివాను, ఏసీ గదిలో ఉంచమన్నారు. మా ఆకివీడులో కరెంటు ఎప్పుడు పోతుందో మాత్రం ఎవరూ రాయలేదు.

మీగడ రంగులో ఉందని మా పింకీ దానికి జున్ను అని పేరు పెట్టింది.

మే నెల, మిట్టమధ్యాహ్నం. కరెంటు పోయింది. నేను వంటింట్లో ఉండగా పింకీ జున్నుని పెరట్లోకి తీసుకెళ్లి బంతి విసరడం మొదలుపెట్టింది. ఈ జాతికి విసిరినది తెచ్చివ్వడమే పని. ఎన్నిసార్లు విసిరితే అన్నిసార్లూ తెస్తుంది. ఇక చాలు అనడం దానికి రాదు. ఎనిమిదేళ్ల పింకీకి అసలే రాదు.

"అమ్మా, జున్ను నవ్వుతోంది కానీ లేవట్లేదు."

చేతిలో గరిటెతోనే పరుగెత్తాను. సిమెంటు గచ్చు మీద పడి ఉంది. నోరు చెవుల దాకా సాగింది, నిజంగా నవ్వినట్టే. నాలుక ఎర్ర ఇటుకలా ఉంది. డొక్కలు కొలిమి తిత్తిలా కొట్టుకుంటున్నాయి. కళ్లు నావైపే ఉన్నాయి, నన్ను చూడటం లేదు. చెయ్యి వేస్తే పెనంలా కాలింది.

నీడలోకి ఈడ్చి, తాడేపల్లిగూడెంలో పశువుల డాక్టరు ఆనంద్ పాల్ గారికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. కారు మా ఆయన ఏలూరు తీసుకెళ్లారు.

"ఏవండీ, ఇటు రండి! కుక్క పోయేలా ఉంది!" అని అత్తయ్యగారు వీధిలోకి అరిచారు.

మావయ్యగారి చేపల ప్యాకింగ్ షెడ్డు రోడ్డుకి అవతలే. ఆయన ఐసు ట్రేలు, తడిపిన గోనెసంచులు వేయించుకుని షెడ్డు వ్యానుతో సహా వచ్చేశారు. నలభై ఏళ్ల చెయ్యి. జున్నుని వ్యాన్లోకి ఎక్కించి, చుట్టూ ఐసు పేర్చి, మీద గోనెలు కప్పి, అంచులు లోపలికి దోపేశారు. ముక్కు మాత్రం బయటికుంది. ఇంత భయంలోనూ ఆ ప్యాకింగ్ చూస్తే ముచ్చటేసింది.

"కంగారు పడకమ్మాయ్. మూత సరిగ్గా పడితే హౌరా వెళ్లే చేపే చెక్కుచెదరదు."

పింకీ వెక్కుతోంది. "తాతయ్యా, దానికి ఊపిరి ఆడట్లేదు."

"చల్లదనం పోకూడదమ్మా, ముట్టుకోకు."

గోనెల కింద శ్వాస ఇంకా వేగంగా కొట్టుకుంటోంది. అప్పుడు మోగింది ఫోను. గోనెల సంగతి చెప్పగానే డాక్టరు గారు కేకేశారు.

"ముందవి తీసేయండి! వేడి బయటినుంచి రావట్లేదమ్మా, దాని ఒంట్లోంచే వస్తోంది. కప్పితే ఎటు పోతుంది? నీళ్లు పోస్తూ గాలి తగలనివ్వండి. తర్వాతే బయల్దేరండి."

పెళ్లయి పదేళ్లు. మావయ్యగారి మాటకి ఎదురు చెప్పడం నేనింకా మొదలుపెట్టలేదు.

"మావయ్యగారండీ, తీసేయాలి."

"నలభై ఏళ్లనుంచి..."

"అది చచ్చిన చేపండీ. ఇది బతికున్న కుక్క!"

గోనె లాగి అవతల పడేశాను. లోపలినుంచి అన్నం గిన్నె మూత తీసినట్టు సెగ కొట్టింది. అది ఆయన ముఖానికీ తగిలింది. రెండో గోనె ఆయనే లాగారు. కుళాయి గొట్టం తెచ్చి పొట్ట మీద, తొడల సందుల్లో నీళ్లు వదిలారు. నేను పళ్లెంతో, అత్తయ్యగారు తలుపు వెనక క్యాలెండరు పీకి తెచ్చి విసరడం మొదలుపెట్టాం. "పిచ్చి మొహమా, లేవే. లే, నిన్ను రావద్దన్నానే గానీ పొమ్మన్నానా?" అంటున్నారు ఆవిడ.

ఎంతసేపో తెలియదు. నీళ్ల చప్పుడు, ఆ ఎగశ్వాస, అంతే. ఒకసారి శ్వాస ఆగినట్టైంది. నా చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. మళ్లీ పీల్చింది. ఈసారి కాస్త నెమ్మదిగా.

"ఇప్పుడు పోనియ్," అన్నారు మావయ్యగారు డ్రైవరుతో. వ్యాను తలుపులు తెరిచి కట్టించి, జున్ను తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. గూడెం దాకా బాటిల్‌తో నీళ్లు చల్లుతూనే ఉన్నారు.

డాక్టరు గారు సెలైను ఎక్కించారు. మూత్రపిండాలు దెబ్బతిన్నాయేమో రేపు రక్తం చూస్తేగానీ చెప్పలేనన్నారు. మర్నాడు చూసి, ఫరవాలేదన్నారు.

జున్ను మా ఇంట్లోనే ఉంది. ఇన్వర్టరు పెట్టించారు మావయ్యగారు, కుక్క కోసం కాదట. అది నాలుక బయట పెడితే చాలు, ఆ రోజున్న నలుగురం చేస్తున్న పని ఆపేసి దాని డొక్కల వంక చూస్తాం. అది నవ్వుతోందో, ఇంకేమైనానో, మాకింకా నమ్మకం కుదరలేదు.