వేలు పెడితే చాలన్నాను

జూన్‌లో బడి తెరిచిన రోజు ప్రార్థన వరుసలో జమున కనబడితే నాకు ముందు కోపమే వచ్చింది. ఆ పిల్ల అక్కడ ఉండాల్సింది కాదు. జనగామ దగ్గరి ఆడపిల్లల గురుకులంలో ఐదో తరగతి సీటు వచ్చి పదిహేను రోజులు దాటింది. ఈపాటికి అక్కడ కొత్త యూనిఫాం వేసుకుని, కొత్త పెట్టెకు తాళం వేసుకుని, అమ్మ మీద బెంగతో రెండు రోజులు ఏడ్చి మూడోరోజు మరిచిపోయి ఉండాలి. ఇక్కడేమో అదే పాత సంచి, నూనె రాసి బిగించిన అవే రెండు జడలు. ప్రార్థన అయ్యేదాకా ఓపిక పట్టి, పక్కకు పిలిచి, ఇంకా ఎందుకు పోలేదని గద్దించాను.

"ఏడికి టీచర్?" అంది.

ఆ ఒక్క మాటతో నా కోపం చల్లారిపోయి, దాని చోట భయం వచ్చి కూర్చుంది. ఏం లేదు, పో, లోపలికి పోయి కూర్చో అన్నాను.

నా పేరు స్వరూప. పెద్దవంగర మండలంలో గుట్టకింది తండా ప్రాథమిక పాఠశాలకు నేనొక్కదాన్నే టీచర్‌ని. పిల్లలు ఇరవై ఇద్దరు, తరగతులు ఐదు, గదులు రెండు. పుట్టింది రఘునాథపల్లి, ఉండేది తొర్రూరు. నోరు కాస్త గట్టిదని తండాలో, మండల ఆఫీసులో, ఇంట్లో, మూడు చోట్లా పేరుంది. పిల్లలంతా లంబాడీల పిల్లలే. ఇంట్లో వాళ్ల భాష వేరు, బడిలో పుస్తకాల భాష వేరు. పదకొండేళ్లుగా వింటున్నాను కనుక వాళ్ల మాట నాకు అర్థమవుతుంది. తిరిగి మాట్లాడబోతే మాత్రం ఒకటో తరగతి వాళ్లు కూడా నవ్వుతారు.

మా జిల్లాలో బడి కబుర్లకు కొదవ లేదు. యూనిఫాం కొలతలు, నులిపురుగుల మాత్రలు, కంటి పరీక్షలు, ఆధార్ దిద్దుబాట్లు, ఉపకార వేతనాలు, గురుకుల ప్రవేశాలు. పై నుంచి జిల్లాకు, జిల్లా నుంచి మండలానికి, మండలం నుంచి నాకు, నా నుంచి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుకు. ఒక్కోరోజు పది దాకా వస్తాయి. ప్రతిదాని కిందా ఒకటే మాట: తల్లిదండ్రులందరికీ తెలియజేసినట్టు నిర్ధారించండి. నేను పంపడం, వాళ్లు ఉలుకూ పలుకూ లేకుండా ఉండటం. చూశారో లేదో తెలియక చచ్చేదాన్ని. గోడకు చెప్పినా నయం అనిపించేది.

అందుకే పోయినేడాది ఒక శనివారం అందర్నీ బడికి పిలిపించి, మెసేజ్ చూసినవాళ్లు కింద బొటనవేలి బొమ్మ పెట్టాలని పద్ధతి పెట్టాను. ఎట్లా నొక్కాలో ఒక్కొక్కరి ఫోన్ చేతిలోకి తీసుకుని నేనే చూపించాను. పెట్టనివాళ్ల పేర్లు ప్రార్థనలో చదువుతానని బెదిరించాను కూడా. జమున తండ్రి లింగ్యా రెండుసార్లు నొక్కి చూసుకుని, నన్ను అడిగాడు.

"ఏలు పెడితే అయిపాయెనా మేడం?"

"అయిపాయె," అన్నాను.

ఆ రోజు నుంచి గ్రూపులో వేళ్లే వేళ్లు. అందరికంటే ముందు లింగ్యాది. ఎండాకాలం పనికి హైదరాబాద్ పోయినా సరే, నేను పంపిన నిమిషంలోపు ఆయన వేలు వచ్చి పడేది. మిగతావాళ్లకు ఆయన్ని చూపించి నేర్చుకోండి అనేదాన్ని.

గురుకులం పరీక్ష ఫిబ్రవరిలో జరిగింది. జమునను తొర్రూరు సెంటర్‌కు నా స్కూటీ మీద నేనే తీసుకుపోయాను. దరఖాస్తు నేనే నింపాను. తండ్రి ఫోన్ సిగ్నల్ ఉంటే ఉంటుంది, లేకపోతే లేదని నంబరు కూడా నాదే ఇచ్చాను. ఆ సీటు ఆ ఇంటికి ఎంత అవసరమో నాకు తెలుసు. జమునను పెంచిన నాయనమ్మ రామి చలికాలంలో చనిపోయింది. లింగ్యా, తల్లి చంద్రి ఇద్దరూ పత్తి గింజలు పెట్టాక పట్నం పోయి సెంట్రింగ్ పని చేస్తారు. ఇంటి దగ్గర ఉండేవాళ్లు లేరు. సీటు వస్తే పిల్ల హాస్టల్లో చదువుతుంది. రాకపోతే వాళ్లతో పాటు పోయి, కట్టే బిల్డింగు కింద రెండేళ్ల తమ్ముడు హరీశ్‌ను ఆడిస్తూ కూర్చుంటుంది. ఈ మాట చంద్రి పరీక్షకు ముందే నాతో చెప్పింది.

మే నెలాఖరులో నేను స్టేషన్ ఘన్‌పూర్‌లో మా చెల్లెలి ఇంట్లో ఉండగా రెండో జాబితా వచ్చింది. జమున పేరుంది. జూన్ మూడులోగా చేర్పించాలి. ఎంత సంబరపడ్డానో చెప్పలేను. మా చెల్లెలికి కూడా ఆ పిల్ల గురించి గంటసేపు చెప్పాను. గ్రూపులో మెసేజ్ పెట్టాను. నిమిషంలో లింగ్యా వేలు వచ్చింది. ఫోన్ చేసి మాట్లాడదామని ఒకసారి అనిపించింది. చూశాడు కదా, మళ్లీ ఎందుకు అనుకున్నాను. ఆ అనుకోవడమే కొంప ముంచింది.

లింగ్యాకు చదువు రాదు. ఆ సంగతి నాకు తెలియదని ఎట్లా అంటాను? బడి రిజిస్టర్‌లో ఆయన చేత ఇంకు పూసి వేలిముద్ర వేయించుకున్నది నేనే. తెలిసీ, వేలు వస్తే కబురు చేరినట్టే అనుకున్నాను.

బడి తెరిచిన రోజు మధ్యాహ్నమే గురుకులానికి ఫోన్ చేశాను. గడువు దాటాక సీటు జాబితాలో తర్వాతి పిల్లకు పోయిందని, ఆ పిల్ల చేరిపోయిందని మర్యాదగానే చెప్పారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు మండల ఆఫీసుకు పరుగెత్తాను. అక్కడి సారు అంతా విని, నా ఫోన్ తీసుకుని గ్రూపు చూశాడు.

"మీకేం పరేషాన్ లేదు మేడం," అన్నాడు. "తండ్రి ఏలు పెట్టిండు గద. ఫొటో తీసి పెట్టుకోండి. రేపు ఎవలన్న అడిగితే చూపియ్యొచ్చు."

తీసి పెట్టుకున్నాను. సిగ్గు లేకుండా అక్కడే, ఆయన ముందే తీసుకున్నాను.

ఆ తర్వాత రెండు వారాలు దొంగకు తేలు కుట్టినట్టే గడిచాయి. నిజానికి ఆ ఇంట్లో ఎవరికీ తాము ఏదో పోగొట్టుకున్నామని తెలియదు. పరీక్ష రాసింది, సీటు రాలేదు, అంతే అనుకున్నారు. నేను నోరు విప్పకపోతే ఎప్పటికీ తెలియదు. నా నోటికి తండాలో అంత పేరుంది కదా, ఆ రెండు వారాలు అది ఏమైందో.

మౌనంగానే ఉండిపోయేదాన్నేమో. కానీ ఒకరోజు ఐదో తరగతికి భాగహారం లెక్క ఇచ్చాను. మామూలుగా నేను బోర్డు మీద రాయడం పూర్తి కాకముందే జమున చెయ్యి లేచేది. ఆ రోజు పలక ముందు పెట్టుకుని ఊరికే కూర్చుంది. చెయ్యవేమని అడిగితే, తనకు లెక్కలు రావంది. ఎవరన్నారు అన్నాను.

"సీటు రాలే గద టీచర్," అంది. ఏడుపేం లేదు, వాన రాలేదు అన్నంత మామూలుగా అంది. ఈ వారంతో గింజలు పెట్టుడు అయిపోతుందని, సోమవారం అందరూ పట్నం పోతున్నారని కూడా చెప్పింది.

ఆ శనివారం బడి అయ్యాక లింగ్యా ఇంటికి పోయాను. రేకుల ఇంటి ముందు చంద్రి బియ్యం చెరుగుతోంది. సామాన్లు అప్పటికే రెండు బస్తాల్లో కట్టి పెట్టారు. లింగ్యా ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, తువ్వాలతో తుడిచి వేశాడు. చాయ్ పెట్టమని చంద్రికి చెప్పబోతే వద్దన్నాను. కూర్చుంటే చెప్పలేనని నిలబడే అంతా చెప్పాను. సీటు వచ్చిందని, గడువు ఉండెనని, మెసేజ్ పెట్టానని, వేలు చూసి ఊరుకున్నానని, ఇప్పుడు సీటు లేదని.

లింగ్యాకు ఒక పట్టాన అర్థం కాలేదు. ఫోన్ తీసి నా చేతికిచ్చి, అదెక్కడుందో చూపించమన్నాడు. వెనక్కి జరుపుతూ పోయాను. మాత్రల కబురు, కింద ఆయన వేలు. సెలవుల కబురు, కింద ఆయన వేలు. ఆధార్, వేలు. ఎక్కడా ఒక్కటి వదల్లేదు. జమున పేరున్న మెసేజ్ దగ్గర ఆగి పైకి చదివాను. మళ్లీ చదవమన్నాడు. మళ్లీ చదివాను.

ఫోన్ తీసుకుని ఆ బొమ్మను చాలాసేపు చూశాడు.

"గీ ఏలు నాదే," అన్నాడు. "సెంట్రింగ్ మీద ఉన్న మేడం ఆ పొద్దు. చేతులకు సిమెంటు ఉండె. లేటైతే మీరు తిడ్తరని, కిందికి దిగి, చెయ్యి కడుక్కొనొచ్చి పెట్టిన." ఫోన్ నా వైపు తిప్పాడు. "ఏలు పెడితే అయిపాయె అంటిరి గద."

"నేనే అన్న లింగ్యా. తప్పు నాదే," అన్నాను.

తిడితే బాగుండు అనిపించింది. తిట్టలేదు. చంద్రి చాట కింద పెట్టి, నా వైపు చూడకుండా తమ భాషలో మొగుడితో ఒక మాట అంది. సీటు పోయినాక ఈమె ఇప్పుడెందుకు వచ్చింది, తన బరువు మన నెత్తిన దింపి పోవడానికా అని. నాకు అర్థమవుతుందని ఆమెకు తెలుసు. అందుకే అంది. అది నిజం కూడా.

అప్పుడు చూశాను, గడపలో జమున. చంకలో తమ్ముడు. ఎప్పటి నుంచి వింటోందో.

"అంటే నేను పాసైన్నా టీచర్?"

"పాసైనవ్ బిడ్డా. మన బడి నుంచి నీకొక్కదానికే వచ్చింది."

హరీశ్‌ను కిందికి దింపింది. పిల్ల ముఖం ఎట్లా వెలిగిందో నా కళ్లతో చూశాను, చచ్చేదాకా మరిచిపోను. లెక్కల్లో ఎన్ని వచ్చాయని అడిగింది. అన్నింటికంటే వాటిలోనే ఎక్కువ వచ్చాయని చెప్పాను. తండ్రి వైపు తిరిగి, విన్నావా అన్నట్టు నవ్వింది. లింగ్యా తల అటు తిప్పుకున్నాడు. పిల్ల మా ముఖాలు ఒకటొకటిగా చూసి, కట్టిపెట్టిన బస్తాలు చూసి, నన్నే అడిగింది.

"మరి ఎప్పుడు పోవాలె టీచర్?"

ముగ్గురం పెద్దవాళ్లం. నేను లింగ్యా వైపు చూశాను, లింగ్యా చంద్రి వైపు చూశాడు. చివరికి చంద్రే లేచి, పిల్లను దగ్గరికి తీసుకుని, తమ భాషలో మెల్లగా చెప్పింది. ఏం చెప్పిందో వినకూడదనిపించి వాకిట్లోకి నడిచాను.

వచ్చే ఏడు ఆరో తరగతిలో మిగిలిన సీట్లకు రాయించవచ్చని, అందాకా పిల్లను తొర్రూరులో మా ఇంట్లో ఉంచుకుంటానని పోయేముందు అన్నాను. చంద్రి ఒప్పుకోలేదు. మా పిల్లను మేమే సాదుకుంటం మేడం అంది. కోపంగా కాదు కానీ, ఇంకోసారి అడగనివ్వని గొంతు అది.

సోమవారం లింగ్యా ఒక్కడే బస్సెక్కాడు. ఇద్దరి కూలి మీద నడిచే ఇల్లు ఇప్పుడు ఒక్కడి కూలి మీద నడుస్తోంది. చంద్రి తండాలోనే దొరికిన పని చేసుకుంటూ పిల్లలతో ఉండిపోయింది. దీన్ని నేను చేసిన మేలుగా ఎవరన్నా చెబితే వాళ్లతో పోట్లాడతాను. నా తప్పుకు వాళ్లు కడుతున్న వెల అది. లింగ్యా పోతూ పోతూ పెద్ద ఫోన్ జమున చేతిలో పెట్టి, తాను బటన్ల ఫోన్ పట్టుకుపోయాడు.

వేలు పెట్టమనడం నేను మానేశాను. ముఖ్యమైన కబురైతే సాయంత్రం తండాలో ఇల్లిల్లూ తిరిగి చెబుతున్నాను. అలవాటైన వాళ్లు మాత్రం ఇంకా పెడుతూనే ఉన్నారు. నేను తీసుకున్న ఆ ఫొటో ఇంకా నా ఫోన్‌లోనే ఉంది. ఎవరికీ చూపించడానికి కాదు. తీసేస్తే మరిచిపోతానేమోనని.

దసరా సెలవులయ్యాక ఒక ఆదివారం, ఆరో తరగతి సీట్ల గురించి మండలం నుంచి కబురొచ్చింది. ఒకటికి రెండుసార్లు సరిచూసుకుని గ్రూపులో పెట్టాను. టపటపా నాలుగు వేళ్లు వచ్చాయి. లింగ్యా నంబరు నుంచి ఏమీ రాలేదు. ఫోన్ వైపే చూస్తూ కూర్చున్నాను. పావుగంట తర్వాత అక్షరాలు వచ్చాయి.

"సదివిన టీచర్. అమ్మకు చెప్పిన. బాపుకు ఫోన్ల చెప్పిన. ఆఖరు తారీఖు ఎప్పుడో మీరు రాయలే."

పైకి జరిపి చూసుకున్నాను. నిజమే, రాయలేదు.