ఎల్లోస్టోన్‌కి ముగ్గురం

మా చెల్లెలు మార్టాకి పిల్లలు పుట్టలేదు. ఆ సంగతి పదిమందికీ చెప్పుకుని ఏడ్చే మనిషి కాదు. నలభై దాటాక మొగుడూ పెళ్లాలిద్దరూ కోర్టువాళ్లకి పేర్లిచ్చి, సొంత ఇంట్లో ఉండే వీలు లేని పిల్లల్ని తెచ్చి చూసుకోవడం మొదలుపెట్టారు. అది కొన్నాళ్ల ముచ్చటే. కన్నవాళ్లు కుదురుకున్నారని జడ్జికి నమ్మకం కుదిరిన రోజున పిల్లల్ని పంపించెయ్యాలి. అలా మార్టా ఇంటికి చాలామందే వచ్చి వెళ్లారు. వెళ్లిన ప్రతిసారీ రెండు రోజులు ముక్కు ఎర్రగా చేసుకుని తిరిగేది. తర్వాత ఆ గది దుప్పట్లు ఉతికి ఆరేసి, మందుల షాపులో తన పనికి పోయేది. ఓపల్ విషయంలో మాత్రం అలా జరగలేదు.

ఓపల్ వచ్చింది అక్టోబరులో. అప్పుడు దానికి ఏడేళ్లు. తల్లి ఎప్పుడో వదిలేసి పోయింది. తండ్రి కర్టిస్ ఇళ్ల కప్పులు వేసే పని చేస్తూ పైనుంచి పడ్డాడు. నొప్పికని వేసుకున్న మాత్రలు నొప్పి పోయాక కూడా వదల్లేదు. ఒకరోజు పెట్రోలు బంకులో కారాపి స్టీరింగు మీద తల పెట్టి పడిపోయి ఉంటే, వెనక సీట్లో పిల్ల ఒక్కతే కూర్చుని ఉందట. అక్కణ్ణించి కోర్టు, కోర్టు నుంచి మార్టా ఇల్లు.

వచ్చిన కొత్తలో ఆ పిల్ల మాట్లాడేది కాదు. మంచినీళ్లు తాగాలన్నా, బాత్రూముకి వెళ్లాలన్నా గుమ్మంలో నిలబడి పర్మిషన్ కోసం చూసేది. మార్టా కథలు చదివింది, బిస్కెట్లు చేయించింది, పిల్లిపిల్లని కూడా తెచ్చింది. ఏదీ పని చేయలేదు. చివరికి దాని నోరు విప్పించింది వెండెల్ పరిచిన మ్యాపు.

వెండెల్ మా మరిది. స్కూలు బస్సులు బాగుచేసే మెకానిక్కు. అయోవాలో పుట్టి, మొక్కజొన్న చేలు తప్ప ఏమీ చూడకుండా యాభై ఏళ్లొచ్చాయని ఏటా చలికాలంలో ఆయనకి బెంగ పుడుతుంది. అప్పుడు మ్యాపు తీసి డైనింగ్ టేబుల్ మీద పరుస్తాడు. వసంతం రాగానే మళ్లీ మడతపెట్టేస్తాడు. ఆ నవంబరులోనూ అలాగే పరిచాడు. ఓపల్ నెమ్మదిగా వచ్చి పక్కన నిలబడి, ఈ ఆకుపచ్చ ముక్కలేమిటని అడిగింది.

అవి నేషనల్ పార్కులని, అక్కడ ఎలుగుబంట్లూ అడవిదున్నలూ ఉంటాయని, జూలై వస్తే మనలాంటి వాళ్లు వెళ్లి టెంట్లు వేసుకుంటారని వెండెల్ చెప్పాడు.

"మనలాంటి వాళ్లంటే, నేను కూడానా?" అంది ఓపల్.

వెండెల్ పెళ్లాం వైపు చూశాడు. మార్టా గిన్నె తుడుస్తూ, "అప్పటికి నువ్విక్కడ ఉంటే నువ్వు కూడా," అంది. పిల్లలకి లేని ఆశ పెట్టకూడదని దానికి తెలుసు. మొదట్లో ప్రతి మాటకీ ముందు ఆ 'ఉంటే' తగిలించేది. క్రిస్మస్ నాటికి అది ఎప్పుడు జారిపోయిందో దానికే తెలియదు.

నేనొకసారి మందలించాను. జూలై నాటికి ఆ పిల్ల ఎక్కడుంటుందో నీకు తెలుసా అని అడిగాను.

"తెలీదక్కా," అంది. "కానీ అది మాట్లాడుతోంది. పొద్దున్న లేవగానే ఈ రోజు మ్యాపులో ఏ ఊరిదాకా వెళ్లాం అని అడుగుతోంది. దాన్ని ఊరుకోమని నేనెలా చెప్పను?"

నిజంగానే ఆ ఇల్లు చలికాలమంతా ప్రయాణంలోనే ఉంది. మొదటి మజిలీ సౌత్ డకోటాలో బ్యాడ్‌ల్యాండ్స్ అనే మట్టికొండలు. అక్కణ్ణించి వయోమింగ్ దాటి ఎల్లోస్టోన్, ఆ తర్వాత టీటన్ కొండలు. టెంటు వేసుకునే చోట్లకి ఆరు నెలల ముందే పోటీ అని, జనవరిలో బుకింగు తెరుచుకునే పొద్దున ముగ్గురూ తలొక ఫోనూ కంప్యూటరూ పట్టుకుని కూర్చున్నారు. ఎల్లోస్టోన్‌లో ఏటి ఒడ్డున చోటు ఓపల్ చేతికే దొరికిందట. ఆ రోజు స్కూల్లో టీచరుతో మొదలుపెట్టి వంటమనిషి దాకా అందరికీ చెప్పింది.

ఎలుగుబంట్లు వాసన పడతాయి కాబట్టి టెంట్లో తిండే కాదు, టూత్‌పేస్టు కూడా ఉంచకూడదని వెండెల్ చెప్పాడు. అది విన్న దగ్గర్నుంచి ఓపల్ రాత్రి పళ్లు తోముకోగానే, మంచులో బూట్లేసుకుని, టూత్‌పేస్టు తీసుకెళ్లి గ్యారేజీలో వ్యానులో పెట్టి వచ్చేది. అలవాటు కావాలి కదా అనేది. పొద్దున్న పేస్టు కోసం వెండెల్ పైజామాతో వణుకుతూ గ్యారేజీకి పోవాల్సి వచ్చేది. బయట గడ్డకట్టే చలి కాబట్టి నేనిచ్చిన పాత టెంటుని హాల్లో వేసి పడుకున్నారు. వెండెల్ గురకకి ఎలుగుబంటి కాదు, దాని తాతైనా దగ్గరికి రాదని ఓపల్ నాతో అన్నప్పుడు, ఈ పిల్లేనా గుమ్మంలో నిలబడి మంచినీళ్లడిగింది అనుకున్నాను.

శనివారాలు కర్టిస్ వచ్చి కూతుర్ని చూసుకునేవాడు. ఎదురుగా ఎవరో ఒకరు ఉండాలని కోర్టు షరతు. ఓపల్ తండ్రికి కూడా ప్రయాణం సంగతులే చెప్పేది. అతను తల వంచుకుని వింటూ, ఎల్లోస్టోన్‌లో ఆ వేడినీళ్ల బుగ్గలు భూమిలోంచి ఎంత ఎత్తు లేస్తాయమ్మా అని అడిగేవాడట. మాత్రలు మానేశాడు. పశువుల దాణా మిల్లులో ఉద్యోగంలో చేరాడు. వారం వారం మొహంలో కళ తిరిగి వస్తోందని మార్టా చెప్పేది. "చెడ్డవాడైతే బాగుండేదక్కా," అంది ఒకసారి. అని, అలా అన్నందుకు తనని తనే తిట్టుకుంది.

జూన్ చివర్లో జడ్జి, కర్టిస్ బాగుపడ్డాడని, పిల్లని జూలై మొదటి వారంలో తండ్రికి అప్పగించమని చెప్పాడు. ప్రయాణం ఆ తర్వాతి వారం. పిల్లని వేరే రాష్ట్రానికి తీసుకెళ్లడానికి అనుమతి కూడా అప్పటికే వచ్చి ఉంది. ఇక అది దేనికీ పనికిరాదు. తండ్రి ఒప్పుకుంటే తప్ప.

మార్టా మిల్లుకి వెళ్లింది. కర్టిస్ ఒళ్లంతా దాణా దుమ్ముతో బయటికి వచ్చాడు. రెండే వారాలు ఆగమని, తిరిగి రాగానే తనే తెచ్చి అతని గుమ్మంలో దింపుతానని అడిగింది. అతను చేతుల దుమ్ము దులుపుకున్నాడు.

"మార్టాగారూ, మీరు నా బిడ్డకి చేసినదానికి నేను మీ కాళ్లు పట్టుకోవాలి," అన్నాడు. "కానీ ఇది మాత్రం అడక్కండి. నేను దానికి ఇప్పటిదాకా ఏం చూపించాను? కారు వెనక సీటు చూపించాను. మీరు కొండలూ దున్నలూ అన్నీ చూపించి తెచ్చి నా రెండు గదుల ఇంట్లో దింపితే, అది నా మొహంలో ఏం చూస్తుంది?"

అయితే మీరు కూడా రండి అంది మార్టా. దారిలో ఆ మాట అనుకోనేలేదట, నోట్లోంచి వచ్చేసింది. ఉద్యోగంలో కొత్తగా చేరానని, సెలవడిగితే ఉద్యోగం పోతుందని, అది పోతే మళ్లీ కోర్టు మెట్లెక్కాలని అతను చెప్పాడు. ఇంకేం మిగిలింది అడగడానికి?

"కోపం తెచ్చుకుందామని చూశాను," అని నాతో చెప్పింది. "ఆయన జాగాలో ఉంటే నేనూ అదే అనేదాన్ని కదా. కోపం ఎక్కణ్ణించి వస్తుంది?"

ఓపల్‌కి ఆ సాయంత్రమే చెప్పారు. నాన్న దగ్గరికి వెళ్తున్నావనగానే దాని మొహం వెలిగింది. మరి ఎల్లోస్టోన్ అంది. ఇప్పుడు కుదరదని వెండెల్ చెప్పాడు. ఆ పిల్ల ఏడవలేదు. గ్యారేజీకి వెళ్లి వ్యానులో తన సీట్లో కూర్చుని తలుపేసుకుంది. వెండెల్ వెళ్లి బయట నేల మీద చతికిలబడ్డాడు. చాలాసేపటికి కిటికీ అద్దం దిగింది.

"నేనేం చేశానని?" అంది.

"ఏం చేయలేదు బంగారం. మీ నాన్న నీకోసం బాగుపడ్డాడు. అంతే," అన్నాడు వెండెల్.

కర్టిస్ వచ్చిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. ట్రక్కు ఇంకా పూర్తిగా ఆగకముందే ఓపల్ పరిగెత్తింది. తండ్రి మెడ పట్టుకుని వేలాడింది. ఇక వెనక్కి చూడలేదు. పిల్లలు అంతే, అలాగే ఉండాలి కూడా. మార్టా ట్రక్కు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపి, లోపలికొచ్చి ఆ గది తలుపు మూసింది. దుప్పట్లు ముట్టుకోలేదు.

అన్నీ రద్దు చేద్దామన్నాడు వెండెల్. మార్టా వినలేదు. ఇన్నాళ్లు చెప్పుకున్నది ఊరికే పోనివ్వనని మొండికేసింది. ఇద్దరే వెళ్లారు. ఆ తర్వాతి సంగతి వెండెల్ చెప్పాడు నాకు.

బ్యాడ్‌ల్యాండ్స్ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. గాలికి టెంటు ఒక పట్టాన నిలబడలేదు. చుట్టుపక్కల అన్నీ పిల్లలున్న టెంట్లే. ఎవరో గిటారు వాయిస్తున్నారు, ఎవరో పిల్లల్ని నీళ్లకి పంపిస్తున్నారు. మార్టా బాగానే ఉంది. వండింది, తింది, పక్కవాళ్లతో వాతావరణం గురించి మాట్లాడింది. ఆ తర్వాత పొద్దుగుంకింది. ఆ మట్టికొండలు ముందు గులాబీ రంగుకి, తర్వాత ఎరుపుకి, ఆపైన పేరు తెలియని రంగుకి తిరిగాయి. మాటలాడుతున్నవాళ్లంతా ఒక్కొక్కరే మానేసి అటే చూస్తున్నారు. వెండెల్ కూడా జీవితంలో అలాంటిది చూడలేదు.

"ఎందుకింత బాగుంది?" అంది మార్టా. మెచ్చుకున్నట్టు లేదు, ఎవరినో నిలదీస్తున్నట్టుంది. "ఇంటికి పోదాం పద. నేను చూడలేను."

తెల్లారాక టెంటు మడిచారు. ఫోను పలికే చోటు చూసుకుని, వెండెల్ బుకింగు చేసిన మిగిలిన చోట్లన్నీ ఒక్కొక్కటే వదిలేశాడు. ఏటి ఒడ్డు చోటు వదిలిన కాసేపటికి మళ్లీ చూస్తే, అప్పుడే ఎవరో తీసేసుకున్నారట. దారిలో మిస్సోరీ నది ఒడ్డున కాఫీకి ఆగినప్పుడు, ఎప్పుడూ జోకులేసే ఆ మనిషి స్టీరింగు మీద చేతులు పెట్టి భోరుమన్నాడు. మార్టా వీపు రాస్తూ కూర్చుంది.

ఊరొచ్చాక తమ పేర్లు తీసెయ్యమని కోర్టువాళ్లకి చెప్పేశారు. కొన్నాళ్లు పిల్లకి దూరంగా ఉంటేనే అది తండ్రి దగ్గర కుదురుకుంటుందని వాళ్లూ అన్నారు. మార్టా ఆ మాట దాటలేదు. ఓపల్ చదివే స్కూలు వైపు రోడ్డు మీద కూడా వెళ్లడం మానేసింది.

చలికాలంలో కర్టిస్ దగ్గర్నుంచి ఫోనొచ్చింది. ఉద్యోగం నిలబడిందని, వచ్చే వేసవికి సెలవిస్తామన్నారని, పిల్లని ఎల్లోస్టోన్ తీసుకెళ్లాలనుందని చెప్పాడు. ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదన్నాడు. అడగడానికి సిగ్గుపడుతూనే అడిగాడు. నేను ఆ పూట అక్కడే ఉన్నాను. మార్టా కుర్చీ లాక్కుని కూర్చుని మొత్తం చెప్పింది. ఏ దారిన వెళ్లాలి, ఎక్కడ పెట్రోలు పోయించుకోకపోతే ఇబ్బంది పడతారు, ఏ చోట పొద్దున నీడ ఉంటుంది, పిల్లకి కారులో కడుపు తిప్పితే ఏమివ్వాలి. గొంతులో ఒక్క చోట కూడా తేడా రాలేదు.

"టెంటు చోటు ఎంతమందికి చూసుకోవాలంటారు?" అని అవతలి నుంచి అడిగాడు కర్టిస్. అమాయకంగానే అడిగాడు.

"మీ ఇద్దరికే కదా. చిన్న టెంటు చోటు చాలు," అంది మార్టా.

అతనికి టెంటు లేదని తెలిసి, వెండెల్ నేనిచ్చిన పాతదే దులిపి, కుట్లన్నీ చూసి, తడి లోపలికి రాకుండా మైనం రాశాడు. ఓపల్ స్కూల్లో ఉండే వేళ చూసుకుని వాళ్ల వరండాలో పెట్టి వచ్చాడు. తలుపు కూడా తట్టలేదు.

జూలైలో ఒక సాయంత్రం నేను మార్టా ఇంట్లో టొమాటోలు ఉడికిస్తుంటే దాని ఫోనుకి ఫొటో వచ్చింది. తండ్రీ కూతుళ్లు ఏటి ఒడ్డున నిలబడి ఉన్నారు. వెనకాల దూరంగా దున్నలు. కర్టిస్ నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి. మార్టా చేతులు తుడుచుకుని, ఫొటోని పెద్దది చేసి, పిల్ల మొహం మీదే ఉండిపోయింది.

"జుట్టు పొట్టిగా కత్తిరించేశారు," అంది. "ఎంత ఎత్తు పెరిగిందో చూశావా? ఎదురుగా వస్తే గుర్తుపట్టగలనా?"

నువ్వు గుర్తుపట్టకపోవడమేమిటి, అదీ నిన్ను గుర్తుపడుతుంది అన్నాను.

"అది గుర్తుపట్టకపోతేనే మంచిదక్కా," అంది. "అలాగైతే అక్కడ కుదురుకున్నట్టే కదా."

ఆ మాట మామూలుగానే అని, స్టవ్ వైపు తిరిగి, అక్కడే నిలబడి ఏడ్చింది. ఓపల్ వెళ్లిన రోజు ఏడవలేదు, కొండల దగ్గర ఏడవలేదు. నేను స్టవ్ కట్టేసి, దాన్ని నడిపించుకొచ్చి కూర్చోబెట్టాను. గ్యారేజీలో వెండెల్ ఏదో బోల్టు బిగిస్తున్న చప్పుడు వినిపిస్తోంది. పిలవనా అన్నాను. వద్దని తల ఊపింది.