నొక్కుల దారం

నూకరత్నం కూతురు లోవలక్ష్మి లేసు సూది చేత పట్టిందంటే ఇక అదో మాలోకం. పేరు పెట్టి పిలిచినా పలకదు. కుక్కరు కూత పెడితే మాత్రం రెండు చెవులూ మూసుకుని కాలువ గట్టు దాకా పరిగెత్తుతుంది. ఇరవై నాలుగేళ్లు వచ్చినా ఎవరి మొహంలోకీ చూసి మాట్లాడి ఎరగదు. ఊళ్లోవాళ్లు గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టించమన్నారు. "నా పిల్లకేంటి, బంగారం" అనేసి నూకరత్నం చేపల గంప నెత్తికెత్తుకుని తన దారిన తను పోయేది.

నరసాపురం చుట్టుపక్కల ఆడవాళ్లకు లేసు కొత్తేమీ కాదు. ఏజెంటు బుజ్జిబాబు టీవీఎస్ బండి మీద దారం తెచ్చిచ్చి, జానెడేసి చదరపు ముక్కలు అల్లించుకుని పట్టుకెళ్తాడు. అవన్నీ కలిపి కుడితే పరదేశంలో ఎవరి మంచం మీదికో దుప్పటి. అందుకని ముక్కలన్నీ ఒక్క అచ్చున ఉండాలి. లోవలక్ష్మి ముక్కలు కొలతకు అక్షరాలా సరిపోయేవి గానీ, లోపలి అల్లిక ఒకదానిలా ఇంకొకటి ఉండేది కాదు. ఒకచోట చీమ దూరనంత దట్టం, ఒకచోట వరద తీసిన గోదారంత ఖాళీ. చూస్తూ ఉంటే నిద్రపట్టే ముందు కళ్లు బరువెక్కినట్టు ఉండేది.

"ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి! ఇంకోసారి ఇలా చేసిందంటే దారం ఇవ్వను నూకరత్నం" అన్నాడు బుజ్జిబాబు, పెద్ద తుపాను వెళ్లిన మరుసటి వేసవిలో.

"ఆయ్, అలాగేనండి. నేను చెప్పుకుంటాను కదండీ" అంది నూకరత్నం.

దారం లేకపోతే ఆ పిల్ల ఏమవుతుందో తల్లికి తెలుసు. తుపాను రోజుల్లో నెలన్నర దారం రాకపోతే, గోడకు తల కొట్టుకుంటూ కూర్చుంది. అందుకే నూకరత్నం ఒక పని చేసింది. మంచిపనో చెడ్డపనో నేను చెప్పలేను, తల్లులు చేసే పనులకు తూకం రాళ్లు నా దగ్గర లేవు. సాయంత్రం లోవలక్ష్మి కాలువ రేవులో నీళ్లు చూస్తూ కూర్చునే వేళకు, ఆ రోజు కూతురు అల్లిన ముక్కను మొత్తం విప్పేసి, అదే దారంతో బుజ్జిబాబు అచ్చు ప్రకారం మళ్లీ అల్లేది. వలలు బాగుచేసిన చేతులు కాబట్టి మోటుగానైనా పని నడిచింది. పిల్ల దారికొచ్చిందని బుజ్జిబాబు మెచ్చుకున్నాడు. అల్లిన ముక్క అల్లినట్టే ముక్కలు దాచే పెట్టెలో ఉందని లోవలక్ష్మి నమ్మింది.

శ్రావణంలో ఒక సాయంత్రం ఉన్నట్టుండి వాన ముంచుకొచ్చింది. తడుస్తూ ఇంట్లోకి వచ్చిన లోవలక్ష్మికి, తల్లి ఒళ్లో సగం విప్పిన ముక్క, పక్కన నొక్కులు నొక్కులుగా దారపు కుప్ప కనబడ్డాయి. పిల్ల అరవలేదు. దారం కొస అందుకుని వేళ్ల మధ్య మెల్లగా జార్చుకుంటూ పోయింది. విప్పినా దారంలో అల్లిక జాడ నొక్కులుగా మిగిలే ఉంటుంది. "మూడు... మూడు... ఏడు..." అని చివరిదాకా చదువుకుని, సూదిని చూరులో గుచ్చేసింది.

నాలుగు రోజులు దాన్ని ముట్టుకోలేదు. అన్నం కూడా ఏదో కతికింది అంతే. ఐదో రోజు నూకరత్నం అమ్మకానికి వెళ్లడం మానేసింది. విప్పడానికి మనసొప్పక పెట్టె అడుగున దాచుకున్న ముక్క ఒకటుంటే తీసి కూతురి ముందు పరిచింది. ఇన్నేళ్లలో ఎవరూ అడగని మాట అడిగింది.

"ఇదేంటి లోవమ్మా? ఇందులో ఏం అల్లావు?"

లోవలక్ష్మి నేలకేసి చూస్తూ చెప్పింది. "అది గురువారం. నువ్వు గట్టు దిగి వస్తున్నావు. చేపలు అమ్ముడుపోలేదు, గంప బరువు. అందుకే ఇక్కడ అడుగులు దగ్గర దగ్గర. ఇక్కడ ఆగావు, ముల్లు గుచ్చుకుంది. ఇక్కణ్ణించి ఎడమకాలు మెల్లిగా."

"మరి మిగతావి?"

"అన్నీ నువ్వే. రోజూ నువ్వు రావడమే."

మొహంలోకి చూడని పిల్ల తల్లి నడకను ముక్కముక్కలో దాచుకుంటే, నూకరత్నం తన చేతులతో తనే విప్పి పారేసింది. భోరుమని ఏడ్చింది. కూతురు చెవులు మూసుకోవడం చూసి కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఇంక విప్పనే తల్లీ. ఆ బుజ్జిబాబు ఇవ్వకపోతే మానె, వల దారం తెచ్చిస్తాను. నీ ఇష్టమొచ్చినట్టు అల్లుకో."

లోవలక్ష్మి చూరులోని సూదికేసి చూడనైనా లేదు.

మాటలతో అయ్యే పని కాదని నూకరత్నానికి తెలిసింది. లేచి, ఖాళీ గంప నెత్తిన పెట్టుకుని గట్టెక్కింది. అక్కణ్ణించి వెనుదిరిగి, ఒక్కో అడుగూ లోపలికి వినబడేలా వేస్తూ ఇంటికి నడిచొచ్చింది. రత్నానికీ గాలి సోకిందని ఎదురింటివాళ్లు నవ్వుకున్నారు. నవ్వుకోనీ.

గుమ్మం దగ్గరకు వచ్చేసరికి లోపల లోవలక్ష్మి అల్లుతోంది. నూకరత్నం గడప దాటలేదు. ఇంకోసారి నడిచి రావడానికి గట్టు మీదికి బయల్దేరింది.