చేతి కొలత

తళిగ, అంటే పెరుమాళ్ళ వంట, వండేటప్పుడు రుచి చూడకూడదు. పెరుమాళ్ళకు నైవేద్యం పెట్టేదాకా వండినది నాలుక మీద వేసుకోకూడదు. అందుకే కోమలవల్లి ఉప్పు ఎప్పుడూ చేతి కొలతతోనే వేసేది. కాపురానికి వచ్చిన కొత్తలో ఆమె పులిహోర తిని అత్తగారు సుందరవల్లి నలుగురిలో అన్నది: "మా కోమల చేతిలోనే కొలత ఉండాది. ఇంగ నేను పొయ్యి దగ్గరికి పోయే పనే లేదు." ఆ మాటకు కోమలవల్లి వారం రోజులు పొంగిపోయింది. అత్తగారు నిజంగానే మళ్ళీ పొయ్యి దగ్గరికి రాలేదు.

ఆమె లెక్కలు చెప్పే బడిలోనూ అంతే. ఆమె క్లాసులో అందరూ పాసయ్యారని హెడ్మాస్టరు శాలువా కప్పి, మరుసటి ఏడు తప్పినవాళ్ళందరినీ ఆమె సెక్షన్లోనే వేశాడు. "నువ్వయితేనే గట్టెక్కిస్తావమ్మా" అన్నాడు. మెచ్చుకున్న ప్రతిసారీ ఒక పని పెరిగింది. ఆ పనీ బాగా చేయాలనిపించింది.

పోయిన నెల వడమాలపేట పుట్టింట్లో అమ్మ పోయింది. నాలుగో రోజుకల్లా కోమలవల్లి మళ్ళీ పొయ్యి ముందు ఉంది. ఇంట్లో తళిగ, బడిలో పరీక్షలు; ఏడవడానికి ఒక చోటు కుదరలేదు. నల్లబల్ల మీద లెక్క సగం చేసి, మిగతాది మరచిపోయి నిలబడుతోంది. ఈ మధ్యాహ్నం భర్త దేవనాథన్ ప్రమోషన్ మీద ఆశతో తన ఆఫీసరును భోజనానికి పిలిచాడు. పులిహోరలో ఉప్పు వేసిందో లేదో గుర్తురాక ఆమె మళ్ళీ వేసింది. ఆఫీసరు ఒక ముద్ద తిని నీళ్ళు తాగాడు.

"ఏమప్పా దేవనాథా, తిరుపతికి సముద్రం ఎప్పుడొచ్చె?"

ఆయన వెళ్ళాక దేవనాథన్, "ఇన్నేండ్లలో ఒక్కనాడూ తప్పలేదే. సరిగ్గా ఈ పొద్దే తప్పాల్నా నీకు?" అన్నాడు.

సుందరవల్లి కొడుకును ఆపింది. "దాన్నేమీ అనొద్దురా. అమ్మీ, ఆయన్ను రేపు మళ్ళా పిలుస్తాము. మునుపటి మాదిరి చేసి పెట్టు. నా లక్కెరుపు కంచిపట్టు చీర నీకే ఇస్తాను."

కోమలవల్లికి తన క్లాసు పిల్ల కుప్పమ్మ గుర్తొచ్చింది. బెంచీలో కూర్చుని పదమూడో ఎక్కం గడగడా చెప్పేది. ముందుకొచ్చి చెబితే సిరా పెన్ను ఇస్తానంటే, పెన్ను వైపే చూస్తూ మధ్యలో ఆగిపోయింది. రెండు పెన్నులిస్తానంటే ఏడ్చింది. అప్పుడు పెన్ను దాచేసి, "ఎక్కం వద్దులే, పోయి కూర్చోమ్మా" అంది కోమలవల్లి. తనతో ఆ మాట ఎవరూ అనలేదు. అంటారని ఇంకా ఎదురుచూస్తోందేమో.

"రేపు నేను వండను అత్తా."

"ఏం?"

"అమ్మ పోయిన మైల ఉంది."

సుందరవల్లి వింతగా చూసింది. "పెండ్లయిన కూతురికి మూడు దినాలే గదా మైల. అదెప్పుడో పాయె."

కోమలవల్లి వంటింటి గడప ఇవతల కూర్చుంది.

"అది శాస్త్రానికి అత్తా. నాకింకా మొదలే కాలేదు."