జెనోన్ చుట్టని టేపు

కర్ర నడుమ నల్ల టేపు చుట్టి ఉంది. జెనోన్ దాన్ని చుట్టలేదు.

వార్సాలో ఆ మధ్యాహ్నం మాస్కో ఒలింపిక్స్ ఎంపిక పోటీ. కర్రతో ఎగిరే పోల్‌వాల్ట్‌లో మిగిలింది ఒక్క చోటు. జెనోన్ గవ్రోన్స్కి ఏడుసార్లు పోలండ్ ఛాంపియన్. ఇప్పుడు ముప్పై మూడేళ్లు, పైగా నడుంనొప్పి. మాస్కోకు ఈసారి వెళ్లకపోతే ఇంకెప్పుడూ వెళ్లడు. ఐదు మీటర్ల నలభై సెంటీమీటర్ల ఎత్తు దగ్గర పాత కర్రతో రెండు ప్రయత్నాలు పోగొట్టుకుని, ఆఖరిదానికి గట్టి కర్రను సంచిలోంచి తీస్తే, దాని నడుమే ఆ టేపు.

అతను కోచ్ కారులో వచ్చాడు. కర్రల్ని తమ ఊరు బిద్గోష్చ్ నుంచి రైల్లో తెచ్చింది అదే క్లబ్బువాడైన బోగుమిల్. ఆ చోటు కోసం మిగిలిన రెండో మనిషీ వాడే, వాడికీ ఆఖరి ప్రయత్నమే మిగిలింది.

పొద్దుటినుంచీ వాడి వాలకం బాగాలేదు. తన కర్రకేదో చుట్టుకుంటూ, జెనోన్‌ని చూడగానే తువ్వాలు కప్పేశాడు. కంగారుగా టీ పోసిచ్చాడు. వాడు ముందు తాగేదాకా జెనోన్ గ్లాసు ముట్టలేదు. పాపం, జెనోన్ తప్పూ లేదు. ఇరవై ఏళ్లప్పుడు సహచరుడొకడు "గాలి అనుకూలంగా మారుతోంది, ఈ ఎత్తు వదిలేసి పై ఎత్తుకి ఎగురు" అంటే నమ్మి పతకం పోగొట్టుకున్నాడు. అప్పట్నుంచీ గాలి సంగతి ఎవరు చెప్పినా, తనే గడ్డిపరక ఎగరేసి చూసుకుంటాడు.

"ఏంట్రా ఇది?" అన్నాడు జెనోన్, నల్ల టేపు చూపించి.

బోగుమిల్ తల దించుకున్నాడు. "రైలు బ్రేకేసినప్పుడు నా స్పైక్స్ బూట్లు దానిమీద పడ్డాయన్నా. గాటు పడింది. దాంతో ఎగరొద్దు."

"ఇందాకటిదాకా నోరు పెగల్లేదా?"

"భయమేసింది. ఈ కర్ర తియ్యకుండానే గెలిచేస్తావనుకున్నా. నాది తీసుకో. కాస్త మెత్తన, అంతే. పట్టు రెండు వేళ్లు దించు, సరిపోద్ది."

జెనోన్ టేపు పీకాడు. లోపల వెంట్రుక మందాన గీత. గోటితో గీకినా అంతకంటే లోతుగా పడుతుంది. పోటీవాడు కర్ర ఇస్తాడట, పట్టెక్కడో కూడా చెబుతాడట. జెనోన్‌కి ఒళ్లు మండింది.

"ఎంత మంచోడివిరా. మాస్కో వెళ్లాక నాకో ఉత్తరం ముక్క కూడా రాస్తావేమో."

"నిజం చెప్తున్నానన్నా."

"తేల్చేద్దాం. నీ వంతే ముందు. ఇదిగో నా కర్ర. సొంతదారు ఒప్పుకుంటే చాలుగా, ఒప్పుకుంటున్నా. నువ్వే ఎగురు."

వాడు ఎగరనంటే గాటు నిజమని నమ్ముదామనుకున్నాడు. బోగుమిల్ ఆ గీతని వేలితో తడిమాడు.

"ఇది విరిగితే నాదాంతో ఎగురుతావుగా?"

"విరగనీ చూద్దాం."

వాడు ఆ కర్ర భుజానికెత్తుకుని నడిచాడు. దొరికాడు దొంగ, అనుకున్నాడు జెనోన్. గాటు నిజమైతే దాంతో ఏ మనిషైనా ఎగురుతాడా?

బోగుమిల్ పరుగెత్తాడు. కర్ర నేలకు తన్ని విల్లులా వంగింది. తుపాకీ పేలినట్టు చప్పుడైంది. వాడు పరుపు అంచుమీద పడ్డాడు. జెనోన్ పరుగున వెళ్లేసరికి వాడి కుడి మణికట్టు వేలాడుతోంది.

"ఒరేయ్..." అన్నాడు జెనోన్.

"రెండు వేళ్లన్నా," అన్నాడు బోగుమిల్ పళ్లు బిగించి. వాణ్ణి స్ట్రెచర్ మీద తీసుకుపోయారు.

మైకులో జెనోన్ పేరు పిలిచారు. అతను బోగుమిల్ కర్ర అందుకున్నాడు. పైన వాడు పట్టుకునే చోట మురికి టేపు. దానికి సరిగ్గా రెండు వేళ్ల కింద తెల్లటి కొత్త టేపు, వరసకీ వరసకీ మధ్య వేలెడు ఖాళీ వదిలి చుట్టి ఉంది. అలా చుట్టేది క్లబ్బు మొత్తంలో జెనోన్ ఒక్కడే. అందుకు అందరూ అతన్ని ఆటపట్టిస్తారు. పొద్దున వాడు జెనోన్ కోసం చుట్టి తువ్వాలు కప్పింది దీనికే.

జెనోన్‌కి సిగ్గుతో చెవులు కాలిపోయాయి. గడ్డిపరక ఎగరెయ్యలేదు. ఆ టేపు మీద చెయ్యి వేసి పరుగెత్తాడు.

బార్ కదల్లేదు. జనం లేచి నిలబడి అతని పేరు అరుస్తున్నారు. మాస్కో చోటు జెనోన్‌దైంది. అది తనది కాదని తెలిసినవాడు ఆ మైదానంలో అతనొక్కడే.