జమ చేయని కార్డు

వెంకటరాజం ఇంట్లో ఏ పని జరిగినా వెంకటరాజం పేరు మీదే జరుగుతుంది. అది ఇవాళ్టి సంగతి కాదు. చేనేత సొసైటీలో కార్డు ఆయన పేరున ఉంది. ఆసు చట్రం మీద నూలు పోసేది భార్య శారదమ్మ. రంగులో ముంచే ముందు నూలుకు చిటికి ముడులు కట్టేది కోడలు స్వర్ణలత. ఏడాది కిందటి దాకా మగ్గం మీద సగం చీర నేసింది కొడుకు మహేశ్. కానీ చీర సొసైటీ గడప తొక్కిందంటే అది వెంకటరాజం నేసిన చీరే. ఊళ్లో నేతగాళ్ల ఇళ్లన్నిటా ఇదే వరస కాబట్టి ఇందులో ఆయన చేసిన అన్యాయం ఏమీ లేదు. పని ఎవరిదైతేనేం, పేరు ఒకరిది. పేరులో ఏముంది అనుకుంటారు. ఆ పద్ధతిని ఇంటి వరకే ఉంచితే సరిపోయేది. రెండేళ్ల కింద దాన్ని రోడ్డెక్కించాడు మహానుభావుడు.

అప్పట్లో మహేశ్‌కు ఒక ట్రాలీ ఆటో ఉండేది. బస్సులు నడపడానికి హెవీ లైసెన్సు కూడా తీసుకున్నాడు గానీ ఇంకా పని కుదరలేదు. సొసైటీకి చీరలు అప్పజెప్పే రోజున అతను ఇంట్లో లేడు. ఏదో దవాఖాన పని మీద చౌటుప్పల్ పోయాడు. కొడుకు వచ్చేదాకా ఆగుదామన్న ఓపిక వెంకటరాజానికి పుట్టుకతోనే లేదు. ఊరి సందుల్లో నాలుగుసార్లు ట్రాలీ తిప్పిన ధైర్యంతో చీరల మూట వెనక పడేసుకుని తానే బయల్దేరాడు. లైసెన్సు మాట అడక్కండి, ఆయనకు లేదు. హైవే పక్కన సర్వీసు రోడ్డు మలుపులో, పాల క్యాన్లు కట్టుకుని మోపెడ్ మీద ముందు పోతున్న మైసయ్యను వెనక నుంచి గుద్దాడు. మైసయ్య కాలు విరిగింది. వెనక నుంచి తగిలిన దెబ్బ కాబట్టి నడిపిందెవరో ఆయన చూడలేదు.

ఫోన్ చేస్తే మహేశ్ పావుగంటలో బైకు మీద వచ్చాడు. అప్పటికి పోలీసులు ఇంకా రాలేదు.

"నాకు లైసెన్సు లేదు కొడుకా. నీకున్నది. నువ్వే నడిపినవని చెప్పు. పేరే కద, ఏమైతది?"

మహేశ్ తండ్రి చేతిలోంచి ట్రాలీ తాళంచెవి తీసుకున్నాడు. "సరే బాపు" అన్నాడు.

మైసయ్య కాలు నాలుగు నెలలకు అతుక్కుంది. ఊరు మాత్రం మహేశ్‌ను కాలు విరగ్గొట్టినోడు అనడం మానలేదు. ఆ మాట చెవిన పడినప్పుడల్లా వెంకటరాజం తల ఇంకో పక్కకు తిప్పుకునేవాడు. నిజం చెప్పాలని అనిపించేది. రేపు చెబుదాం అనుకునేవాడు. రేపు వచ్చాక, ఇప్పుడెందుకు, అంతా సర్దుకుంది కదా అనుకునేవాడు.

కొన్నాళ్లకు రవాణా ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. మహేశ్ లైసెన్సు ఆరు నెలలు సస్పెండ్. చదివింది మహేశే అయినా నిర్ణయం చేసింది వెంకటరాజం.

"కార్డు ఆఫీసుల ఇయ్యాలెనట బాపు."

"ఆఫీసుల ఇస్తే మల్ల వాపస్ వస్తదారా? ఏ బీరువల పడేస్తరో. ఇటియ్యి. నా పెట్టెల ఉంటది. ఆరు నెలలు స్టీరింగ్ ముట్టకు. శిక్ష అంటే గదే కద."

పెద్దల మాట చద్దిమూట అని మహేశ్‌ను చిన్నప్పటి నుంచీ నమ్మించారు. కార్డు తండ్రి చేతికిచ్చాడు. ట్రాలీ అమ్మేశాడు. ఆరు నెలలు నిజంగానే మగ్గం గుంట దిగి కూర్చున్నాడు, పక్కింటివాళ్ల బండి కూడా ముట్టలేదు. గడువు తీరిన రోజున వెంకటరాజం పెట్టె తెరిచి, కార్డు మూలలకు పసుపు రాసి, "పో, ఇగ ఫికర్ లేదు" అని కొడుకు చేతిలో పెట్టాడు. పదకొండో నాడు తలస్నానం చేస్తే మైల పోయినట్టు, ఇదీ పోయిందనుకున్నారు అందరూ.

ఆ తర్వాత మహేశ్ ఒక కాంట్రాక్టర్ దగ్గర చేరి, చౌటుప్పల్ చుట్టుపక్కల మందుల కంపెనీలకు మనుషుల్ని దింపే బస్సు నడిపాడు. కాంట్రాక్టర్ కార్డు చూశాడు, కార్డు మీద మహేశ్ ఫొటో ఉంది, ఆయనకు అంతకన్నా అక్కర్లేదు. ఏడాది దాటింది. ఒక్క గీత పడలేదు బస్సుకు. అది చూసే ఆ కంపెనీల్లో ఒకదాని మేనేజర్ పిలిచి, మా సొంత బస్సుకు డ్రైవర్ కావాలి, పర్మినెంటు, వస్తావా అని అడిగాడు. ఇంట్లో ఆ వారం పండుగే. పర్మినెంటు అన్న మాటను శారదమ్మ రోజుకు పదిసార్లు అనేది, అది పలకడమే ఒక సుఖం అన్నట్టు.

సోమవారం మేనేజర్ లైసెన్సు నంబరు ఫోన్‌లో కొట్టి చూశాడు. ఎర్ర అక్షరాలు వచ్చాయి. సస్పెండ్.

"శనివారం లోపట ఇది తీసేయించుకొని రా తమ్మీ. లేకుంటే లిస్టుల నీ తర్వాతోన్ని పిలవాలె. నా చేతుల లేదు" అన్నాడు.

బుధవారం పొద్దున తండ్రీకొడుకులు రవాణా ఆఫీసుకు బయల్దేరారు. "నువ్వు నోరున్నోనివి కాదు. నేను మాట్లాడుత" అన్నాడు వెంకటరాజం. ఇంట్లో పులి, బయట పిల్లి అని ఆయన గురించి శారదమ్మ చాటుగా అంటుంది. నార్కట్‌పల్లిలో బస్సు మారి, పది గంటలకు ఆఫీసు కిటికీ ముందు నిలబడేసరికి పులి అప్పుడే పిల్లి అయింది.

కిటికీ అవతల రామచంద్రం అనే గుమాస్తా ఉన్నాడు. విసుక్కునే మనిషి కాదు. నంబరు కొట్టి, కళ్లజోడు పైకి నెట్టి, స్క్రీను చాలాసేపు చూశాడు.

"ఆరు నెలల సస్పెన్షన్. రెండేండ్ల కిందిది. కార్డేది?"

"ఇగో సార్" అని మహేశ్ జేబులోంచి తీశాడు.

రామచంద్రం దాన్ని అందుకోలేదు. "ఇది నీ దగ్గర ఎందుకున్నది?"

"నా పెట్టెల ఉండె సార్" అన్నాడు వెంకటరాజం. "ఆరు నెలలు తాళం ఏసిన. అయిపోయినంకనే ఇచ్చిన. నేను ఇంటి పెద్దను."

"పెద్దాయనా, నీ పెట్టె సర్కారుది కాదు గద." అందులో వెటకారం లేదు, జాలే ఉంది. "ఆరు నెలలు ఎప్పటి సంది లెక్కనో ఎరుకనా? కార్డు మాకు జమ చేసిన దినం సంది. మీరు జమ చెయ్యలే. అంటే ఈ పిలగాని ఆరు నెలలు ఇంక మొదలే కాలే."

మహేశ్ కిటికీ ఊచ పట్టుకున్నాడు. "ఆరు నెలలు బండి ముట్టలే సార్. మగ్గం మీద కూసున్న. ఊరంత ఎరుకే."

"ఊరికి ఎరుకైతే కంప్యూటర్‌కు ఎట్ల ఎరుకైతది తమ్మీ? ఇన్నొద్దులు ఏం పని చేస్తున్నవ్?"

"బస్సు నడుపుతున్న."

రామచంద్రం అటూ ఇటూ చూశాడు. గొంతు తగ్గించి, "ఆ మాట నేను ఇనలే. ఇంకెక్కడ అనకు. ఇయ్యాల్టి సంది స్టీరింగ్ ముట్టకు. కార్డు ఇచ్చి రసీదు తీసుకో. ఆరు నెలలకు వచ్చి దరఖాస్తు పెట్టుకుంటే తీసేస్తరు. దానికి ముందట మా పెద్దసారు గూడ ఏం చెయ్యలేడు" అన్నాడు. "కార్డు జిరాక్స్ ఒకటి తీసుకరా, పో."

మహేశ్ జిరాక్స్‌కు వెళ్లాడు. వెంకటరాజం కిటికీ దగ్గరే ఉండిపోయాడు. ఎవరి పేరు మీద ఏం నడిచిందో, ఆ నడిచినదంతా ఎక్కడికి వచ్చి ఆగిందో ఇప్పుడు ఆయనకు కొట్టొచ్చినట్టు కనిపించింది. రెండేళ్లు గొంతులో అడ్డంపడ్డ మాట, ఏ పరిచయమూ లేని మనిషి ముందు బయటికి వచ్చేసింది.

"సార్, ఒక్క మాట. ఆ దినం బండి నడిపింది వాడు కాదు. నేను."

రామచంద్రం తలెత్తాడు.

"నేనే గుద్దిన. వాడు ఆడ లేనే లేడు. వాని పేరు చెప్పమని నేనే చెప్పిన. సస్పెండ్ చేస్తే నన్ను చెయ్యిండ్రి. ఆరు నెలలు కాదు, చచ్చేదాక చెయ్యిండ్రి. వానిది తీసెయ్యిండ్రి సార్, మీ కాల్మొక్త."

"నీకు లైసెన్సున్నదా?"

"లేదు."

"లైసెన్సే లేనోనిది ఏం సస్పెండ్ చెయ్యాలె? ఇందుల నీ పేరే లేదు గద పెద్దాయనా." గుమాస్తా కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇంకొకటి విను. ఇది రాసిస్తనంటవా, కాగితం ఇస్త. లైసెన్సు లేకుండ నడిపి కాలిరగ్గొట్టినవని నీ మీద కేసు. పోలీసులకు అబద్ధం చెప్పిండని వాని మీద ఇంకో కేసు. అవి తేలేదాక వాని లైసెన్సు గట్లనే ఉంటది. ఆరు నెలలు కాదు, ఎన్నేండ్లో. రాస్తవా?"

వెంకటరాజం చేయి కిటికీ లోపలికి సగం పోయి ఆగిపోయింది. తప్పు ఒప్పుకోవడం కష్టమని వింటూ వచ్చాడు గానీ, ఒప్పుకున్నా పుచ్చుకునే దిక్కు ఉండదని ఎవరూ చెప్పలేదు. చేయి వెనక్కి తీసుకున్నాడు. అంతలో మహేశ్ వచ్చాడు. కార్డు లోపలికి పోయింది, రసీదు బయటికి వచ్చింది.

బస్టాండులో నిలబడి మహేశ్ రెండు ఫోన్లు చేశాడు. మొదటిది మేనేజర్‌కు. అవతల మాటలు వినపడలేదు. ఇవతల, "సరే సార్... లేదు సార్, ఆరు నెలలు పడతదట... పిలుచుకోండ్రి సార్" అన్నవి వినపడ్డాయి. రెండోది కాంట్రాక్టర్‌కు. అది ఇంకా చిన్నది. రేపటి నుంచి రానని చెప్పాడు, అంతే. పర్మినెంటు పోయింది, దాంతోపాటు ఉన్నదీ పోయింది. అడుసు తొక్కిందొకరు, కాలు కడుక్కుంటున్నది ఇంకొకరు. కొడుకు ఒక్క మాటైనా అంటే బాగుండునని వెంకటరాజం దారి పొడవునా చూశాడు. మహేశ్ నిమ్మళంగా తండ్రికి కిటికీ పక్క సీటిచ్చి, తాను ఇవతల కూర్చుని, డ్రైవర్ గేరు మార్చే చేతిని చూస్తూ వచ్చాడు.

ఇంట్లో విషయం చెప్పగానే శారదమ్మ కూలబడి ఏడ్చింది. స్వర్ణలత ఏడవలేదు. ఏడాదిన్నర పిల్లను పక్కన పడుకోబెట్టి, ఇద్దరికీ కంచాలు పెట్టి అన్నం వడ్డించింది. వడ్డిస్తూ మొగుడి మీద అందుకుంది.

"ఆ దినం జర చూసి నడిపితే ఏమైతుండె? ముందట మనిషి కనబడలేదా? నువ్వు చేసిన పనికి ఇంటిల్లిపాది గోస పడుతున్నరు. సిగ్గు లేదు నీకు."

ఈ రెండేళ్లుగా నెలకొకసారైనా ఆమె అంటున్న మాటలే ఇవి. మహేశ్ ఎప్పటిలాగే తల వంచుకుని అన్నం కలిపాడు. వెంకటరాజం ఎప్పటిలాగే కంచం వైపు చూశాడు. కానీ ఇవాళ ముద్ద నోట్లోకి పోలేదు. పొద్దున ఆఫీసులో ఒకసారి బయటికి వచ్చిన మాట, మళ్లీ లోపలికి పోనని మొండికేసింది.

"వాణ్ణి అనకు బిడ్డా" అన్నాడు. "నడిపింది వాడు కాదు. నేను. నేనే వాని పేరు చెప్పిచ్చిన."

శారదమ్మ ఏడుపు ఆపేసింది. మహేశ్ చేయి కంచంలో ఆగింది. ఇక కోడలు నిర్ఘాంతపోతుందని, తనను నిలదీస్తుందని, ఎంత మాటైనా అంటుందని వెంకటరాజం భుజాలు బిగబట్టుకుని కూర్చున్నాడు. తిట్లు పడనీ అనుకున్నాడు. పడితేనే కాస్త తేలిక.

స్వర్ణలత గరిటె గిన్నెలో పెట్టింది.

"నాకు ఎరుకే మామా. నీ ఫోన్ వచ్చినప్పుడు ఆయన నా పక్కనే ఉన్నడు. నేను కడుపుతోటి దవాఖాన బెంచీ మీద కూసున్న. నన్ను ఆడనే ఇడిసిపెట్టి నీ కోసం ఉరికచ్చిండు."

రెండేళ్లు తాను దాచిన దాన్ని, ఎదురుగా కూర్చుని అన్నం పెట్టిన మనిషి మొదటి రోజు నుంచీ ఎరుగును.

"మరి... ఎరుక ఉండి వాణ్ణెందుకు తిట్టినవు బిడ్డా, ఇన్నొద్దులు?"

"ఈ ఇంటి కోడల్ని మామా. నిన్ను తిట్టరాదు గద."

ఆ మాటను గట్టిగా అనలేదు. కోపంగానూ అనలేదు. అని, ఆయన కంచంలో ఇంకొంచెం పప్పు వేసి, ఇటు తిరిగి మొగుడికి వేసింది. మహేశ్ తల ఎత్తలేదు. వాడికీ తెలుసన్నమాట, తనను తిట్టడం లేదని. తెలిసే ఇన్నాళ్లూ తండ్రికి రావాల్సిన తిట్లన్నీ తన పేరు మీద రాయించుకున్నాడు.

వెంకటరాజానికి ఏడుపు వచ్చింది. కొడుకును పట్టుకుని ఏడవాలనిపించింది గానీ, ఇంటి పెద్దగా బతికిన మనిషికి అది ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. "తిను కొడుకా" అన్నాడు చివరికి. మహేశ్ "తింటున్న బాపు" అన్నాడు. రేపు పొద్దున బస్సు తీయడానికి వాడు వెళ్లక్కర్లేదు కాబట్టి ఎవరూ తొందరపడలేదు. ఆడవాళ్లూ కంచాలు తెచ్చుకున్నాక, నలుగురూ అక్కడే కూర్చుని, ఉన్న అన్నం నెమ్మదిగా తిన్నారు.